కొత్త బ్రాండ్ ఫోన్ కొనేముందు దాని ఓనర్ పాత ఐడీ కార్డు చూడండి

కొత్త ఫోన్ బ్రాండ్ మార్కెట్లోకి రాగానే మనలో చాలామంది ముందు ప్రాసెసర్ చూస్తారు. తర్వాత బ్యాటరీ, తర్వాత రేటు. నేను వీటన్నిటికంటే ముందు ఇంకోటి చూస్తా: ఈ కంపెనీ పెట్టినాయన అంతకుముందు ఎక్కడ ఉద్యోగం చేశాడు? స్పెక్ షీట్‌లో అది ఉండదు. కానీ ఆ ఫోన్ మన చేతిలో రెండు మూడేళ్ళు ఎలా నడుస్తుందో చెప్పడంలో మెగాపిక్సెల్స్ కంటే అదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఇది ఊరికే కాలక్షేపం కబురు కాదు. నరసరావుపేటలోనో పిడుగురాళ్ళలోనో మిర్చి రేటు బాగోలేని ఏడాది 15 వేలు పెట్టి ఫోన్ కొన్న ఇంట్లో, అది ఏడాదిన్నరకే అప్‌డేట్లు ఆగిపోయి, డిస్‌ప్లే పోతే గుంటూరు దాకా పరిగెత్తాల్సి వస్తే, ఆ దెబ్బ మామూలుగా ఉండదు. పాత బ్రాండ్‌కి పాత రికార్డు ఉంటుంది, చూసుకోవచ్చు. కొత్త బ్రాండ్‌కి అది ఉండదు. అప్పుడు మనకు దొరికే రికార్డు ఒక్కటే, దాన్ని పెట్టినవాళ్ళది.

మనందరికీ తెలిసిన గుంపుతోనే మొదలుపెడదాం. ఒప్పో, వివో, వన్‌ప్లస్, రియల్‌మీ అన్నీ ఒకే తాను ముక్కలని గ్యాడ్జెట్లు ఫాలో అయ్యేవాళ్ళందరికీ తెలుసు, బీబీకే అని. అయితే బీబీకే కూడా ఒకరి ఉద్యోగం మానేసి వచ్చి పెట్టిందేనని చాలామందికి తెలీదు. దాని ఫౌండర్ డువాన్ యోంగ్‌పింగ్ అంతకుముందు సుబోర్ అనే కంపెనీని నడిపాడు. పిల్లలకు వీడియో గేములు, ‘లెర్నింగ్ మెషిన్లు’ అమ్మే కంపెనీ అది. దాని టీవీ యాడ్‌లో జాకీ చాన్ కనిపించేవాడు. 1995లో డువాన్ బయటికొచ్చి బీబీకే పెట్టాడు. బీబీకే వీసీడీ ప్లేయర్ల యాడ్‌లో జెట్ లీ వచ్చాడు. పెద్ద స్టార్‌తో యాడ్, చిన్న ఊరి దాకా డీలరు. సుబోర్‌లో నేర్చుకున్న ఈ రెండు సూత్రాలూ అక్కడినుంచి అలాగే దిగొచ్చాయి.

ఇప్పుడు 2016, 2017 రోజులు గుర్తు తెచ్చుకోండి. ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్ వివో. టీమ్ ఇండియా జెర్సీ మీద ఒప్పో. మన ఊళ్ళలో మొబైల్ షాపుల మీద ఒకవైపు నీలం బోర్డు, ఇంకోవైపు పచ్చ బోర్డు. షాపు పేరు చిన్నది, కంపెనీ పేరు పెద్దది. ఆ ఫోన్లు స్పెక్స్‌కి తగ్గ రేటు కాదని అప్పట్లో రివ్యూలు రాసేవాళ్ళం తెగ తిట్టుకునేవాళ్ళు, అయినా అవి అమ్ముడుపోతూనే ఉండేవి. ఆ వ్యాపారం ఫోన్ల కాలంలో పుట్టింది కాదు. వీడియో గేముల కాలంలో ఒక ఉద్యోగి నేర్చుకున్న పాఠం అది, ఇరవై ఏళ్ళ తర్వాత మాచర్ల బస్టాండు దగ్గర బోర్డయి వేలాడింది.

వన్‌ప్లస్ కథలో ఒక మెలిక ఉంది. ఒప్పోలో వైస్ ప్రెసిడెంట్‌గా చేసిన పీట్ లావ్, కార్ల్ పేతో కలిసి 2013 డిసెంబర్‌లో దాన్ని పెట్టాడు. అమ్మే పద్ధతిలో పాత ఇంటికి పూర్తిగా ఎదురు వెళ్ళారు. షాపుల్లేవు, స్టార్ యాడ్లు లేవు, ఆన్‌లైన్ మాత్రమే, అదీ ‘ఇన్వైట్’ ఉంటేనే. చూసినవాళ్ళు ఇదేదో కొత్త జాతి అనుకున్నారు. కానీ లోపల? వన్‌ప్లస్ 3తో వచ్చిన డ్యాష్ చార్జింగ్ ఒప్పో వూక్ టెక్నాలజీయే. తయారీ వైపు అండ అటునుంచే. 2021కి వచ్చేసరికి ఒప్పోతో టీములు కలిపేశారు, ఆక్సిజన్ ఓఎస్‌నీ కలర్ ఓఎస్‌నీ ఒకే కోడ్‌బేస్ మీదకు తెచ్చారు. ఫ్యాన్స్ ‘మోసం’ అన్నారు. నాకు మాత్రం అందులో ఆశ్చర్యపడేదేమీ కనిపించలేదు. పైన వేసిన రంగు మాత్రమే కొత్తది, లోపల వైరింగ్ మొదటి రోజు నుంచీ పాతదే.

అదే కార్ల్ పే 2020లో బయటికొచ్చి లండన్‌లో నథింగ్ పెట్టాడు. ఆయన వెంట ఏం వచ్చిందో చూడండి. ఫ్యాక్టరీ రాలేదు, చార్జింగ్ టెక్నాలజీ రాలేదు. హైప్ వచ్చింది. నథింగ్ ఫోన్ 1ని 2022లో ముందుగా ఇన్వైట్ పద్ధతిలోనే బుక్ చేసుకోమన్నారు, ఎనిమిదేళ్ళ కిందటి వన్‌ప్లస్ వన్ లాగే. లాంచ్‌కి నెలల ముందు నుంచీ వెనక ప్యానెల్ ముక్క ముక్కగా చూపించడం, కమ్యూనిటీని షేర్‌హోల్డర్లుగా చేసుకోవడం, ఇవన్నీ ఆయన పాత ఉద్యోగంలో తన చేత్తో చేసిన పనులకు కొనసాగింపే. అందుకే ఒక మనిషి పాత కంపెనీ పేరు తెలిస్తే సరిపోదంటాను. ఆ కంపెనీలో ఆయన ఏ సీట్లో కూర్చున్నాడో తెలియాలి. పీట్ లావ్ ఇంజినీరింగ్, ప్రొడక్ట్ వైపు మనిషి, ఆయన వెంట హార్డ్‌వేర్ నడిచొచ్చింది. పే మార్కెటింగ్ వైపు మనిషి, ఆయన వెంట జనం నడిచొచ్చారు.

షావోమీ పూర్తిగా ఇంకో రకం. లే జున్ 1992లో కింగ్‌సాఫ్ట్‌లో చేరాడు, తర్వాత దానికి సీఈఓ అయ్యాడు. మన ఫోన్లలో పీడీఎఫ్‌లు తెరవడానికి వాడే డబ్ల్యూపీఎస్ ఆఫీస్ ఉంది కదా, అది వాళ్ళదే. ఆయన 2010లో షావోమీ పెట్టినప్పుడు ముందు వచ్చింది ఫోన్ కాదు, మీయూఐ. వేరే కంపెనీల ఫోన్లలో ఫ్లాష్ చేసుకునే రామ్. మొదటి ఫోన్ ఆ తర్వాత ఏడాదికి, 2011 ఆగస్టులో వచ్చింది. వారం వారం అప్‌డేట్, యూజర్లు బగ్ చెబితే వచ్చే శుక్రవారానికి సరిచేయడం, ఇది ఫోన్లు తయారుచేసేవాడి బుద్ధి కాదు, సాఫ్ట్‌వేర్ అమ్మినవాడి బుద్ధి. హార్డ్‌వేర్ తనకు రాదని తెలుసు కాబట్టే కోఫౌండర్లలో మోటరోలా నుంచి ఒకాయన్ని తెచ్చుకున్నాడు. గూగుల్ నుంచీ మైక్రోసాఫ్ట్ నుంచీ కూడా తెచ్చుకున్నాడు.

సెట్టింగ్స్ యాప్‌లో కూడా యాడ్లు చూపిస్తున్నారని ఒకప్పుడు మనం షావోమీని తిట్టిపోశాం. హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని లే జున్ 2018లో మాట ఇచ్చాడు. మరి డబ్బు ఎక్కడినుంచి రావాలి? సాఫ్ట్‌వేర్ నుంచి. అంటే మనం మెచ్చుకున్న తక్కువ రేటూ, మనం తిట్టుకున్న యాడ్లూ ఒకే పాత ఉద్యోగం కన్న కవలలు. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

ఇవన్నీ చైనా కంపెనీలు, మనకేంటి అనుకోవద్దు. మన తెలుగువాళ్ళలో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపించే కేసు ఒకటుంది. ఫోన్ కాదు, రాకెట్.

హైదరాబాద్‌లో 2018లో పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా కలిసి స్కైరూట్ ఏరోస్పేస్ పెట్టారు. ఇద్దరూ ఇస్రో నుంచి వచ్చినవాళ్ళే, తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్‌లో పనిచేసినవాళ్ళే. పవన్ పని ప్రొపల్షన్ వైపు, జీఎస్‌ఎల్‌వీ మార్క్ 3 లాంటి పెద్ద ప్రాజెక్టుల మీద. భరత్ ఏవియానిక్స్ వైపు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి వాళ్ళ విక్రమ్ ఎస్ ఎగిరి, సుమారు 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళింది. ఇండియాలో ఒక ప్రైవేటు కంపెనీ రాకెట్ పైకి వెళ్ళడం అదే మొదలు.

ఇప్పుడు ఆ రాకెట్‌ని ఫోన్ టియర్‌డౌన్ చేసినట్టు విప్పి చూద్దాం. మోటార్ సాలిడ్ ఇంధనంది, పేరు కలాం 80. ఆర్బిట్‌కి వెళ్ళడానికి డిజైన్ చేసిన పెద్దన్న విక్రమ్ 1లో కింది మూడు దశలూ సాలిడ్, పైన చిన్న లిక్విడ్ దశ. కలాం, రామన్, ధావన్ అని ఇంజిన్లకు పేర్లు. రాకెట్ పేరే విక్రమ్, అంటే పాత ఆఫీసు బోర్డు మీద ఉన్న పేరే. సాలిడ్ మోటార్ ఎందుకు? అందులో కదిలే భాగాలు తక్కువ, నమ్మకం ఎక్కువ, త్వరగా సిద్ధం చేయొచ్చు. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ ఇస్రో బలం దశాబ్దాలుగా అక్కడే ఉంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ సాలిడ్, మార్క్ 3 పక్కన ఉండే ఎస్200 బూస్టర్లు సాలిడ్. పెట్టుబడి సరిపడా లేని ఇద్దరు కుర్రాళ్ళు, తమకు చేతిలో పెట్టినట్టు తెలిసిన దానితోనే మొదలుపెట్టారు. తెలివైన పని.

పక్కనే చెన్నైలో అగ్నికుల్ ఉంది. దాని కోఫౌండర్ శ్రీనాథ్ రవిచంద్రన్ ఇస్రో మనిషి కాదు. అమెరికాలో ఫైనాన్స్ ఉద్యోగం చేసి, తర్వాత ఏరోస్పేస్ చదువుకున్నాయన. ఆ కంపెనీ ఎంచుకున్న దారి చూడండి: మొత్తం ఒకే ముక్కగా 3డీ ప్రింట్ చేసిన సెమీ క్రయోజెనిక్ ఇంజిన్. 2024 మే 30న ఎగిరింది. వాళ్ళకూ ఇస్రో పెద్దల సలహాలు ఉన్నాయి, ఐఐటీ మద్రాస్ అండ ఉంది, కాదనను. అయినా ‘రాకెట్ ఇంజిన్‌ని ప్రింటర్లో తీద్దాం’ అనే మాట ముందుగా రావాలంటే, ‘అలా చెయ్యం బాబూ’ అని పదేళ్ళు వినని చెవులు ఉండాలేమో.

రెండిట్లో ఏది గొప్ప అని అడిగితే నేను పక్షం తీసుకోను. ఇక్కడ ముఖ్యమైంది వేరే. స్కైరూట్ తన పాత యజమాని దగ్గర తెచ్చుకోనిది కూడా ఒకటుంది: వేగం. కంపెనీ పెట్టిన నాలుగున్నరేళ్ళకు ఏదో ఒకటి పైకి పంపడం, ప్రైవేటు డబ్బు తెచ్చి ఆ డబ్బుకు లెక్క చెప్పడం, ఇవి ప్రభుత్వ సంస్థలో ఎవరూ నేర్పరు. జ్ఞానం పాత చోటి నుంచి తెచ్చుకుని, క్యాలెండర్ మాత్రం కొత్తది కొనుక్కున్నారు. నాకు తెలిసినంతలో మంచి స్టార్టప్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి.

మన ఉమ్మడి గుంటూరు జిల్లా మనిషే ఒకాయన దీన్ని 50 ఏళ్ళ కిందటే చేశారు. తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి గారు. గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, ముంబై, పుణె వెళ్ళి పీహెచ్‌డీ చేసి, 1969లో హైదరాబాద్ ఐడీపీఎల్‌లో చేరారు. సోవియట్ సాయంతో కట్టిన ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ అది. 1970ల మధ్యలో బయటికొచ్చి ముందు యూనిలాయిడ్స్, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్. ఐడీపీఎల్‌లో ఆయన చూసింది బల్క్ డ్రగ్ ఎలా తయారవుతుందో, అది పెద్ద రియాక్టర్లో ఎక్కడ చెడుతుందో. బయటికొచ్చి చేసింది కూడా మొదట బల్క్ డ్రగ్సే. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇవ్వడంతో, కొత్త పద్ధతి కనిపెట్టగల కెమిస్టుకు తలుపు తెరుచుకుంది. తర్వాత డాక్టర్ రెడ్డీస్‌లో పనిచేసినవాళ్ళు బయటికెళ్ళి సొంత కంపెనీలు పెట్టారు. హెటెరో పెట్టిన పార్థసారథి రెడ్డి గారు వాళ్ళలో ఒకరు. ఇవాళ హైదరాబాద్ చుట్టూ ఇన్ని ఫార్మా కంపెనీలు ఎందుకున్నాయి అంటే, నీళ్ళో భూమో కాదు, ఒక పాత ఆఫీసు హాజరు పట్టీలో అందులో సగం జవాబు ఉంటుంది. తమాషా ఏంటంటే ఆ ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడింది. పిల్లలు, మనవళ్ళు మాత్రం పెద్దవాళ్ళయ్యారు.

అమెరికాలో స్టీవెన్ క్లెప్పర్ అనే ఆర్థికవేత్త డెట్రాయిట్ కార్ల కంపెనీల పుట్టుపూర్వోత్తరాలు తవ్వి ఇలాంటిదే చెప్పాడు. బాగా నడిచే కంపెనీ నుంచి విడిపోయి వచ్చినవాళ్ళు పెట్టిన కంపెనీలు మిగతావాటికంటే ఎక్కువ కాలం బతికాయని. సిలికాన్ వ్యాలీలో ఫెయిర్‌చైల్డ్ నుంచి ఇంటెల్, ఏఎండీ రావడం అదే కథ. మన ఫోన్ల వంశవృక్షం కూడా అంతే. ఆండ్రాయిడ్ పెట్టిన ఆండీ రూబిన్, ఐపాడ్ టీముకు నాయకుడైన టోనీ ఫాడెల్ ఇద్దరూ 1990ల్లో జనరల్ మ్యాజిక్ అనే ఒకే కంపెనీలో పనిచేశారు. చేతిలో పట్టే కంప్యూటర్ చేద్దామని చూసి చేతులు కాల్చుకున్న కంపెనీ. ఫాడెల్ తర్వాత ఆపిల్ వదిలి 2011లో నెస్ట్ థర్మోస్టాట్ తెస్తే, దాని చుట్టూ తిప్పే రింగు చూసి ఐపాడ్ చక్రం గుర్తు రానివాళ్ళు లేరు.

సరే, పాత ఉద్యోగానికీ కొత్త కంపెనీకీ ఏ సంబంధమూ లేకపోతే? దానికీ మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది. రెడ్‌బస్. ఫణీంద్ర సామ బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చిప్ ఇంజినీరు. మిగతా ఇద్దరు, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు, ఐబీఎం, హనీవెల్ లాంటి చోట్ల చేసినవాళ్ళు. 2005 దీపావళికి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరక్క పుట్టిన ఆలోచన అని అందరికీ తెలిసిందే. పండక్కి హైదరాబాద్ నుంచి నరసరావుపేట టికెట్ కోసం తన్నుకునే మనకు దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

నాకు ఆసక్తి కలిగించేది ఆ తర్వాతిది. వాళ్ళు మొదట చేసిన పని ఏంటి? సాఫ్ట్‌వేర్ రాయడం. బస్సు ఓనర్లకు సీట్ల సాఫ్ట్‌వేర్ ఇస్తే వాడుకుంటారని అనుకున్నారు. ఓనర్లు వద్దన్నారు. ముగ్గురు ఇంజినీర్లు, ముగ్గురి పాత ఆఫీసుల్లోనూ ఏ సమస్యకైనా జవాబు ఒక సిస్టమ్. ట్రావెల్స్ ఆఫీసులో మాత్రం జవాబు ఒక ఫోన్ కాల్, ఒక చార్టు, ఒక నమ్మకమైన ఏజెంటు. అప్పుడు వాళ్ళే ఏజెంట్లుగా మారి, కొన్ని సీట్లు తీసుకుని అమ్మిపెట్టడం మొదలెట్టారు. 2006లో అలా నిలబడ్డాకే సాఫ్ట్‌వేర్‌కి చోటు దొరికింది. 2013లో ఐబిబో కొనేసింది. అంటే పాత ఉద్యోగం ఆలోచన ఇవ్వకపోయినా, మొదటి తప్పటడుగు ఎటు పడాలో అదే నిర్ణయించింది.

ఫ్లిప్‌కార్ట్ కూడా చూడండి. సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అమెజాన్‌లో చేసి వచ్చారు, 2007లో మొదట పుస్తకాలే అమ్మారు. అమెజాన్ మొదలైనట్టే. అక్కడితో ఆగిపోయి ఉంటే ఇవాళ మనకు ఆ పేరు గుర్తుండేది కాదు. 2010లో క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చారు, డెలివరీ కూడా తామే చూసుకోవడం మొదలెట్టారు. కార్డు లేని ఇండియా ఎలా ఉంటుందో అమెజాన్ వాళ్ళకు నేర్పలేదు. గురజాలలో కూర్చుని ఆన్‌లైన్‌లో ఫోన్ ఆర్డర్ పెట్టి, పెట్టె చూసి డబ్బులిచ్చిన మొదటి తరం మనమే కాబట్టి ఆ తేడా విలువ మనకు తెలుసు.

మా పల్నాడులో ఈ కథ ఎనిమిది వందల ఏళ్ళ పాతది లెండి. గురజాల కొలువులో మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడు, రాజ్యం చీలాక మలిదేవుడితో మాచర్ల చేరాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్పిన్ ఆఫ్. చాపకూడు పెట్టి, అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, పాత కంపెనీలో ఎవరూ ఊహించని కల్చర్ తెచ్చాడు. అంతా బానే ఉంది. కానీ కోడిపందెం పెడదామంటే మళ్ళీ గురజాల వాళ్ళ పందేనికే ఒప్పుకుని, ఓడి, ఏడేళ్ళు అడవులు పట్టారు. కొత్త కంపెనీ పెట్టాక కూడా పాత కంపెనీ ఆటే ఆడితే ఏమవుతుందో దీనికంటే మంచి కేస్ స్టడీ ఏ ఎంబీఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

హ్యూమేన్ సంగతి అదే అనిపిస్తుంది. ఆపిల్‌లో ఏళ్ళ తరబడి చేసిన భార్యాభర్తలు, ఇమ్రాన్ చౌదరి, బెథనీ బోంజోర్నో పెట్టిన కంపెనీ. చొక్కాకి తగిలించుకునే ఏఐ పిన్ 2024 ఏప్రిల్‌లో 699 డాలర్లకు వచ్చింది. ఏళ్ళ తరబడి రహస్యం, గొప్ప డిజైన్, భారీ రేటు, నెలనెలా చందా. ఆపిల్ అలవాట్లన్నీ ఉన్నాయి. ఆపిల్‌కి ఉన్న తప్పు చేసే వెసులుబాటు, బ్రాండ్ మీద గుడ్డి నమ్మకం మాత్రం లేవు. రివ్యూలు ఉతికేశాయి. 2025 ఫిబ్రవరిలో ఆస్తులు హెచ్‌పీకి 11.6 కోట్ల డాలర్లకు అమ్మేశారు, ఆ నెల 28 నుంచి పిన్‌లు పనిచేయడం ఆగిపోయాయి. డబ్బు పెట్టి కొన్నవాళ్ళ చేతిలో మిగిలింది ఒక అందమైన బిళ్ళ.

ఇక మన మార్కెట్లో తాజా ఉదాహరణ ఏఐ ప్లస్ ఫోన్లు. రియల్‌మీ ఇండియాని మొదటి నుంచీ నడిపి, తర్వాత హానర్ ఫోన్లను ఇక్కడికి తెచ్చిన మాధవ్ సేఠ్ 2025 జులైలో 4,999 రూపాయలకు పల్స్, 7,999కి నోవా 5జీ తెచ్చారు. రేటు పెట్టిన తీరు, ఫ్లిప్‌కార్ట్‌లో అమ్మిన తీరు చూస్తే 2018 నాటి రియల్‌మీ కళ్ళముందు కనిపిస్తుంది. అది ఆయనకు బాగా వచ్చిన విద్య. కొత్తగా చెబుతున్నది సొంత ఓఎస్, డేటా మన దేశంలోనే అని. అది ఆయన పాత ఉద్యోగాల్లో చేసిన పని కాదు. కాబట్టి రేటు, సప్లై విషయంలో నేను నమ్ముతా. సాఫ్ట్‌వేర్ విషయంలో రెండేళ్ళ అప్‌డేట్లు చూశాక మాట్లాడతా. ఏ కొత్త బ్రాండ్‌నైనా నేను కొలిచే పద్ధతి ఇదే: ఫౌండర్ అంతకుముందు తన చేత్తో చేసిన దానికి పూర్తి మార్కులు, మొదటిసారి చేస్తానన్న దానికి పాస్ మార్కులు కూడా తర్వాతే.

ఇప్పుడు కొనేవాళ్ళ సంగతి పక్కన పెట్టి, చేరేవాళ్ళ సంగతి. మన వైపు బీటెక్ పిల్లల్లో చాలామందికి క్యాంపస్‌లో వచ్చేది పెద్ద సర్వీస్ కంపెనీ ఆఫరే. ఏదో ఒకరోజు స్టార్టప్ పెట్టాలని ఉన్నవాళ్ళు కూడా ఆఫర్లు వస్తే ప్యాకేజీ చూసే ఎంచుకుంటారు, తప్పు కాదు, ఇంట్లో లోన్ ఉంటుంది. ‘సర్వీస్ కంపెనీలో చేరితే ఇంక స్టార్టప్ కల మర్చిపో, ఎక్స్ ఫ్లిప్‌కార్ట్, ఎక్స్ గూగుల్ అయితేనే ఫండింగ్’ అని భయపెట్టేవాళ్ళు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజముంది, ఇన్వెస్టర్లు ముద్ర చూస్తారు. కానీ సర్వీస్ ప్రాజెక్టులో దొరికేది ఒకటుంది, దాన్ని మనవాళ్ళే లెక్కలోకి తీసుకోరు: క్లయింటు వ్యాపారం లోపలి నుంచి కనిపించడం. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎందుకు ఆగుతుంది, బ్యాంకు రాత్రి పూట లెక్కలు ఎలా సరిపెడుతుంది, మందుల గోడౌన్లో ఎక్స్‌పైరీ ఎలా తప్పిపోతుంది. ప్రాజెక్టు మారిపోదామని తొందరపడేవాళ్ళకు ఇదంతా బోర్. జోహోలో హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్ చూసిన గిరీష్ మాతృభూతం 2010లో చెన్నైలో పెట్టింది హెల్ప్‌డెస్క్ కంపెనీయే, ఫ్రెష్‌డెస్క్. 2021లో నాస్‌డాక్‌లో లిస్టయింది.

ఆ కథలో చేదు భాగం కూడా చెప్పాలి. 2020లో జోహో ఆ కంపెనీ మీద అమెరికాలో కేసు వేసింది, తమ రహస్య సమాచారం వాడుకున్నారని. 2021లో రాజీ అయింది. కాబట్టి పాత ఆఫీసు నుంచి ఏం తేవచ్చు, ఏం తేకూడదు అన్నది తెలిసి ఉండాలి. మన దేశంలో 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక అదే రంగంలో పని చేయొద్దనే షరతు చెల్లదు. ఆఫర్ లెటర్లో ఆ లైను చూసి బెదిరిపోవద్దు. బాండ్ వేరే సంగతి. ముందే మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. కోడ్ ఇంకా వేరు. ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం కింద యజమానిదే. బుర్రలో ఉన్న అనుభవం మీది, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలు మీది కాదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత యాప్ రాసేవాళ్ళు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు.

గురజాల వైపు జూనియర్ ఒకడున్నాడు. అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ప్రాజెక్టులో మూడేళ్ళు. వాళ్ళ నాన్న గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెడతారు. ఏ లాట్ ఎన్ని బస్తాలు, ఎంత అప్పు, ఎవరికి అమ్మారు అన్నీ చీటీల మీదే. వాడు సొంత ల్యాప్‌టాప్‌లో, ఆదివారాలు కూర్చుని దానికి ఒక యాప్ చేశాడు. మొన్న నాకు మొదటి వెర్షన్ చూపించాడు. తెరిస్తే 14 గడులు. రైతు పూర్తి పేరు, మధ్య పేరు, పుట్టిన తేదీ, నామినీ, రెండు రకాల అడ్రసులు. నాకు నవ్వొచ్చింది, అది అచ్చం క్లెయిమ్ ఫారమ్. కోల్డ్ స్టోరేజీ గుమస్తా దాన్ని చూసి, ‘అబ్బాయ్, సీజన్‌లో లారీలు క్యూలో ఉంటే ఇదంతా ఎవరు నింపుతారు?’ అన్నాడట. ఇప్పుడు మూడే గడులు ఉంచాడు: లాట్ నంబర్, బస్తాలు, రైతు ఫోన్ నంబర్. లాట్ చేతులు మారిన ప్రతిసారీ ఎవరు మార్చారో, ఏ తేదీన మార్చారో చెరపడానికి వీల్లేకుండా దాచే భాగాన్ని మాత్రం తీయలేదు. అది కూడా క్లెయిమ్స్ ప్రాజెక్టు నుంచి వచ్చిందే, గుమస్తాకి నచ్చింది కూడా అదే.